గొడుగు ఒకటే, కింద ఎవరి గోల వాళ్లది: ఎనర్జీ లా ఫర్మ్‌తో మా రెండున్నరేళ్లు

ముందే చెప్పేస్తున్నా, ఐదుకి మూడున్నర. ఫర్మ్ పేరు రాయను. ఇంకో ఒప్పందంలో వాళ్లు ఇప్పటికీ మా తరఫునే పని చేస్తున్నారు, పైగా నేను చెప్పబోయే తప్పు ఈ రంగంలో ఉన్న పెద్ద ఫర్మ్‌లు చాలావాటిలో ఉండే జబ్బేనని నా అనుమానం.

నేను లాయర్ని కాదు. గాలిమరల ప్రాజెక్టులు కట్టే కంపెనీలో పనులు చూసుకునేవాణ్ణి. కొండ మీద టర్బైన్లు, అక్కడి నుంచి సబ్‌స్టేషన్ దాకా లైను, అంతే కదా, దీనికి అంతమంది లాయర్లెందుకు అని మొదట్లో నేనూ అనుకున్నాను. దిగాక తెలిసింది. భూమి లీజులు, లైను వెళ్లే దారి హక్కులు, పర్యావరణ అనుమతి, గ్రిడ్ కనెక్షన్, కరెంటు కొనేవాళ్లతో పీపీఏ (అంటే కరెంటు కొనుగోలు ఒప్పందం), టర్బైన్ సప్లయర్‌తో ఒక కాంట్రాక్టు, సివిల్ పనులకి ఇంకొకటి, ఇవన్నీ చదివితే తప్ప లోను ఇవ్వని బ్యాంకులు. వీటిలో ఏ ఒక్క కాగితం ఆగినా మిగతావన్నీ ఆగిపోతాయి, వడ్డీ మాత్రం ఆగదు.

ఫర్మ్ వాళ్లు మొదటి మీటింగులో చూపించిన స్లైడులో "విద్యుత్, మౌలిక సదుపాయాలు, పర్యావరణం, అన్నీ ఒకే చోట" అని ఉంది. నిజం చెప్పాలంటే ఆ ఒక్క వాక్యం చూసే వాళ్లని పెట్టుకున్నాం. మూడు ఫర్మ్‌ల చుట్టూ తిరిగే ఓపిక ఎవరికుంది?

ముందు బాగున్న సంగతి. వాళ్ల పర్యావరణ లాయరుకి నేనైతే ఐదుకి ఐదు ఇస్తాను. మా దగ్గర అప్పటికే పర్యావరణ ప్రభావ నివేదిక తయారుగా ఉంది, కన్సల్టెంటు రాసిందే, బొమ్మలూ మ్యాపులూ బ్రహ్మాండంగా ఉన్నాయి. ఆవిడ ఒక పూట చదివి, పక్షుల సర్వే తేదీలు చూపించి, "ఇది వేసేయకండి, కోర్టులో నిలబడదు" అన్నారు. సర్వే అంతా ఒకే సీజన్లో చేసేశారు, వలస వచ్చే నెలలు అందులో లేనే లేవు. అంతే కాదు, టర్బైన్లకి ఒక నివేదిక, లైనుకి వేరే నివేదిక అని విడగొట్టాం. మేం సౌకర్యం కోసం చేసిన పని, కానీ ప్రాజెక్టుని ముక్కలు చేసి ప్రభావం తక్కువ చేసి చూపించారని ఎవరైనా కేసు వేయడానికి అంతకంటే మంచి సాకు దొరకదట. లైను లేకుండా టర్బైన్లెందుకు, టర్బైన్లు లేకుండా లైనెందుకు, కాబట్టి రెండూ కలిపే చూడాలి. ఏడాది ఆలస్యం. మా డైరెక్టర్ల మొహాలు చూడాలి ఆ రోజు.

అప్పుడు ఆవిడ చెప్పిన మాట నాకు ఇప్పటికీ పనికొస్తుంది. కోర్టు మీ ప్రాజెక్టు మంచిదా చెడ్డదా అని సాధారణంగా అడగదు, నిర్ణయం తీసుకునే ముందు చూడాల్సినవన్నీ చూశారా, జనానికి చెప్పాల్సినవన్నీ చెప్పారా అని అడుగుతుంది. అమెరికాలో నేపా అనే జాతీయ పర్యావరణ విధాన చట్టం 1970లో అమల్లోకి వచ్చింది, ఆ తర్వాత ఎన్నో దేశాలు అదే దారి పట్టాయి, ఎక్కడైనా మూల సూత్రం ఇదే. కానీ ఎంత దూరం చూడాలి అన్న దగ్గరే దేశానికో తీరు. బ్రిటన్ సుప్రీంకోర్టు 2024 జూన్‌లో సర్రేలోని ఒక చమురు బావి కేసులో, బావి దగ్గర వచ్చే పొగ లెక్కిస్తే చాలదు, ఆ చమురుని తర్వాత ఎక్కడో కాల్చినప్పుడు వచ్చేది కూడా లెక్కించాలి అంది, అదీ 3-2 మెజారిటీతో. ఏడాది తిరగకముందే, 2025 మేలో, అమెరికా సుప్రీంకోర్టు యూటా రాష్ట్రంలోని 88 మైళ్ల రైలు మార్గం కేసులో దాదాపు తలకిందులుగా చెప్పింది: రైలు మార్గానికి అనుమతి ఇచ్చే సంస్థ, దాని వల్ల వేరే చోట పెరిగే చమురు తవ్వకాన్నీ శుద్ధినీ పరిశీలించాల్సిన పని లేదని. చట్టం వెనక ఉన్న ఆలోచన ఒకటే, తీర్పులు చెరో వైపు. అందుకే ఎక్కడో చదివిన తీర్పు పట్టుకుని "మాకూ ఇది వర్తిస్తుంది కదా" అని మీ లాయరు మీద పడకండి. నేను పడ్డాను, ఆవిడ ఓపిగ్గా విన్నారు, ఆ అరగంటకీ బిల్లు వచ్చింది.

రెండో సర్వేలో ఊహించినట్టే వలస నెలల్లో పెద్ద పక్షులు మా కొండ మీదుగానే పోతున్నాయని తేలింది. అనుమతి రాదేమో అనుకున్నాం. ఆవిడ దక్షిణ స్పెయిన్ అనుభవం ముందు పెట్టారు. అక్కడి గాలిమరల దగ్గర రాబందులు చచ్చిపోతుంటే, పక్షి దగ్గరికి వచ్చినప్పుడు ఆ ఒక్క టర్బైన్ ఆపే పద్ధతి పెట్టారు, మరణాలు దాదాపు సగం తగ్గాయి, పోయిన కరెంటు ఏడాదికి 0.07 శాతం. 2012లో అచ్చయిన అధ్యయనం అది. అధికారులు విన్నారు, కానీ మనిషిని నిలబెట్టి పక్షిని చూసి ఆపుతామంటే నమ్మలేదు, రెండు నెలల పాటు పగటి పూట ఫలానా గంటలు ఫలానా టర్బైన్లు ఆగి ఉండాల్సిందే అని షరతు పెట్టి అనుమతి ఇచ్చారు. మాకు అది కూడా గెలుపే. స్వీట్లు పంచుకున్నాం.

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది.

అదే ఫర్మ్‌లో, పై అంతస్తులో, విద్యుత్ లాయర్లు మా పీపీఏ రాస్తున్నారు. ఆ టీమ్ పార్ట్‌నర్ మంచి తెలివైన మనిషి, కాదనను. చట్టం మారితే నష్టం ఎవరిది అన్న క్లాజు కోసం కొనుగోలుదారుతో ఆయన చేసిన పోరాటం చూడముచ్చటగా ఉండేది. స్పెయిన్ 2007లో పునరుత్పాదక విద్యుత్‌కి ఉదారంగా రేట్లు ప్రకటించి, డబ్బు పెట్టినవాళ్లంతా పెట్టాక, 2013 నాటికి వాటిని కత్తిరించేసింది, దాని మీద పదుల కొద్దీ ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తుల ముందు నడిచే) కేసులు నడిచాయి, వాటిలో ఎక్కువ ఇంధన రంగంలో విదేశీ పెట్టుబడులని కాపాడటానికి దేశాలు చేసుకున్న 1994 నాటి ఎనర్జీ చార్టర్ ఒడంబడికని పట్టుకుని వేసినవే. ఇప్పుడు యూరోపియన్ యూనియనే 2024 జూన్‌లో నోటీసు ఇచ్చి, 2025 జూన్‌లో ఆ ఒడంబడిక నుంచి బయటికి వచ్చేసింది. కాబట్టి ఎక్కడో ఉన్న ఒడంబడిక కాపాడుతుందని కూర్చోకుండా, మన కాగితంలోనే రాయించుకోవాలి అనేది ఆయన వాదన. రాయించారు కూడా. ఆ క్లాజు బంగారం.

కానీ అదే పీపీఏలో ఇంకో క్లాజు ఉంది. ఏడాదికి కనీసం ఇంత కరెంటు ఇస్తామని మేం హామీ ఇచ్చాం, తగ్గితే పరిహారం కట్టాలి. గ్రిడ్ పనిచేయకపోతే మినహాయింపు, తుఫాను లాంటి ఫోర్స్ మేజర్ (ఎవరి చేతిలోనూ లేని ఆపద) ఉంటే మినహాయింపు. పక్షుల కోసం ఆపే గంటల మాట ఎక్కడా లేదు! పర్యావరణ లాయరుకి పీపీఏలో కనీస ఉత్పత్తి హామీ ఉందని తెలియదు, విద్యుత్ లాయరుకి అనుమతిలో ఆ షరతు వచ్చిందని తెలియదు. రెండు కాగితాలూ నా మెయిల్‌లోనే ఉన్నాయి, నేనూ చూడలేదు, అది వేరే సంగతి. మా కొండ మీద గాలి గట్టిగా వీచేది కూడా ఆ రెండు నెలల్లోనే.

దీన్ని పట్టుకున్నది మా లాయర్లు కాదు, బ్యాంకుల తరఫు లాయరు. ప్రశ్నల జాబితాలో నలభై ఎన్నో నంబరు దగ్గర, ఒక్క లైను: అనుమతిలోని నిలుపుదల గంటలు ఉత్పత్తి హామీలో లెక్కకి వస్తాయా? ఆ లైను చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

ఫోర్స్ మేజర్ అందామా అంటే, ముందే తెలిసిన షరతు, సంతకం పెట్టేనాటికి చేతిలో ఉన్న షరతు, ఊహించని ఆపద ఎలా అవుతుంది? చట్టం మారిందందామా అంటే, పీపీఏలో పెట్టుకున్న తేదీ తర్వాత వచ్చిన మార్పులకే ఆ క్లాజు పనిచేస్తుంది, అనుమతి దానికి ఎనిమిది రోజుల ముందు వచ్చింది. ఆ బంగారపు క్లాజు ఎనిమిది రోజుల తేడాతో మాకు అక్కరకు రాలేదు. ఇంకా చిత్రం, టర్బైన్ సప్లయర్ మాత్రం తన హామీలోంచి "అనుమతి షరతుల వల్ల ఆగిన సమయం" అని చక్కగా మినహాయించుకున్నాడు. వాళ్ల లాయరు ఎవరో గానీ దండం పెట్టాలి. అంటే సప్లయర్ బయటపడ్డాడు, కొనుగోలుదారు బయటపడ్డాడు, మధ్యలో మేం ఇరుక్కున్నాం.

దిద్దుకోవడానికి మూడు నెలలు పట్టింది. కొనుగోలుదారు ఆ రెండు నెలలకి హామీ తగ్గించడానికి ఒప్పుకున్నాడు, బదులుగా కరెంటు మొదలుపెట్టాల్సిన గడువులో మాకున్న వెసులుబాటు రోజులు కొన్ని వదులుకోవాల్సి వచ్చింది. సవరణ పని ఫర్మ్ ఉచితంగా చేసింది, కానీ మేం గట్టిగా అడిగాకే. క్షమాపణ లాంటి మెయిల్ ఒకటి వచ్చింది. "సమన్వయంలో మెరుగుదలకు అవకాశం" ఉందట. లాయర్ల భాషలో సారీ అంటే అదే కాబోలు.

సరే, మళ్లీ వాళ్లకి మార్కులు పడ్డ చోటుకి వస్తాను. నిర్మాణ కాంట్రాక్టుల టీమ్‌కి గడువుల మీద ఉన్న పట్టు మామూలుది కాదు. మాది ఫిడిక్ (కన్సల్టింగ్ ఇంజినీర్ల అంతర్జాతీయ సమాఖ్య) వేసిన నమూనా కాంట్రాక్టు పుస్తకం, దాని 2017 కూర్పు మీద రాసుకున్న కాంట్రాక్టు. నేను పాత 1999 పుస్తకం మీద పనిచేసిన మనిషిని. అందులో క్లెయిమ్ నోటీసుకి 28 రోజుల గడువు కాంట్రాక్టర్‌కే, దాటితే అతనికి డబ్బూ రాదు, అదనపు సమయమూ రాదు, మనం మాత్రం తీరిగ్గా అడగొచ్చన్నట్టు ఉండేది. 2017లో ఆ 28 రోజులు ఓనరుకీ వర్తిస్తాయి. కాంట్రాక్టర్ తవ్వుతూ మా కేబుల్ తెంపాడు, పనులయ్యాక చివరి బిల్లులో చూసుకుందాంలే అని నేను ఊరుకున్నాను. వాళ్ల జూనియర్ లాయరు ఒకమ్మాయి వారం వారం సైటు రిపోర్టులు చదివేది (అవి ఎవరైనా చదువుతారని రాసేవాళ్లకే నమ్మకం లేదు), 23వ రోజున నాకు ఫోన్ చేసి "సార్, నోటీసు ఎప్పుడు పంపుతున్నారు?" అంది. ఆ ఒక్క ఫోన్‌తో ఆ నెల బిల్లు గిట్టుబాటైంది.

బిల్లుల గురించి చెప్పకపోతే రివ్యూ పూర్తి కాదు. గంటల లెక్క, అదీ ఆరు నిమిషాలకో ముక్క. రెండు లైన్ల మెయిల్ చదివినా ఒక ముక్క పడుతుంది. నలుగురు లాయర్లు కాల్‌లో ఉండి ఒక్కరే మాట్లాడితే నలుగురి గంటలూ పడతాయి. ఆరో నెల నుంచి మేం తెలివి తెచ్చుకుని, కాల్‌కి ఇద్దరే, మూడో మనిషి కావాలంటే ముందు అడగాలి అని పెట్టాం, వాళ్లేమీ గొడవ చేయలేదు. అడగకపోతే మాత్రం ఎవరూ తగ్గించరు. సలహా పత్రాలు కూడా పొడుగు. పంతొమ్మిది పేజీలు చదివాక "అయితే సంతకం పెట్టాలా వద్దా?" అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. మొదటి పేజీలో జవాబు, తర్వాత ఎంతైనా రాసుకోండి అని అడిగాక కాస్త మారారు.

ఒక మంచి గుణం: కేసు వద్దనడం వాళ్లకి తెలుసు. లైను దారి విషయంలో పక్క ఊరివాళ్లు అభ్యంతరం పెడితే, మా వాళ్లు కొందరు ఉడుకు మీద ఉన్నారు, కోర్టులో తేల్చుకుందామని. గెలుస్తారు, కానీ గెలిచేలోపు బ్యాంకు ఇచ్చిన గడువు దాటిపోతుంది, మూడు స్తంభాలు పక్కకి జరపండి అన్నారు. ఆ కేసు నడిస్తే వాళ్లకి వచ్చే బిల్లు చిన్నదేమీ కాదు. జరిపాం, అయిపోయింది.

ఎవరికి పనికొస్తారు? బ్యాంకు లోనుతో కట్టే పెద్ద ప్రాజెక్టులకి. ఇంటి మీద సోలార్ పలకలకి, చిన్న ఫ్యాక్టరీ అనుమతికి ఇలాంటివాళ్ల దగ్గరికి పోవడం దండగ, ఒక్కరే కూర్చుని పని చేసే మంచి లాయరు చాలు, పైగా ఆయన తల ఒకటే కాబట్టి ఒక కాగితం సంగతి ఇంకో కాగితానికి తెలుస్తుంది. ప్రాజెక్టు వల్ల నష్టపోయి పోరాడే ఊరివాళ్ల కేసు వీళ్లు తీసుకోరు, కంపెనీలే వాళ్ల క్లయింట్లు కదా, అక్కడ టైము వృథా చేసుకోకండి.

తర్వాతి ప్రాజెక్టుకి మళ్లీ వీళ్లనే పెట్టుకున్నాం, ఒక షరతు మీద. అనుమతిలో వచ్చే ప్రతి షరతుకీ ఒక వరస, పక్కన పీపీఏలో ఏ క్లాజు, సప్లయర్ కాంట్రాక్టులో ఏ క్లాజు, లోను పత్రంలో ఏ క్లాజు అని ఒకే పట్టిక, ప్రతి శుక్రవారం మూడు టీమ్‌ల లాయర్లూ దాని మీద సంతకం చేసి పంపాలి. ఆ పట్టిక మొదట తయారుచేసింది ఆ జూనియర్ అమ్మాయే, పీపీఏ సవరణ గొడవలో, ఎవరూ అడగకుండానే. పోయిన నెల ఆమె ఫర్మ్ మానేసి వేరే చోట చేరింది. నాలుగు ఇద్దామనుకున్నవాణ్ణి, ఆ అర అక్కడ తగ్గించాను.