లాక్‌డౌన్ మోడ్, టార్ బ్రౌజర్: ఎవరికి ఏది?

రాయగడ, పర్లాకిమిడి, సిరొంచ వంటి సరిహద్దు ఊళ్లలో గనుల గురించి, భూముల గురించి రాసే తెలుగు విలేకరులకు, వారికి సమాచారం అందించేవారికి మామూలు బ్రౌజరు రక్షణ చాలదు.

ఆపిల్ సంస్థ 2022లో ఐఫోన్ల ఐఓఎస్ 16తో తెచ్చిన లాక్‌డౌన్ మోడ్ అనే గట్టి రక్షణ సెట్టింగును ఆన్ చేస్తే, ఆపిల్ బ్రౌజరైన సఫారీలో జావాస్క్రిప్టుకు (వెబ్ పేజీలను నడిపే కోడుకు) వేగమిచ్చే జిట్ కంపైలర్ అనే భాగం ఆగిపోతుంది. గూఢచర్య సాఫ్ట్‌వేర్ చొరబడేందుకు వాడుకునే లోపాలు ఇలాంటి సంక్లిష్ట భాగాల్లో తరచుగా బయటపడుతుంటాయి కనుక, పేజీలు కాస్త నెమ్మదించినా ఈ రక్షణ విలువైనదే. మెసేజ్‌లలో వచ్చే అనేక రకాల అటాచ్‌మెంట్లను కూడా అది అడ్డుకుంటుంది, నమ్మకమున్న సైటుకు మినహాయింపు ఇచ్చుకోనిస్తుంది. అయితే ఇంటర్నెట్‌లో మన కనెక్షన్‌ను గుర్తించే ఐపీ చిరునామాను దాచదు. పైగా అది ఆపిల్ పరికరాలకే పరిమితం, మన ప్రాంతంలో అదే పెద్ద అడ్డంకి.

చూసేవారి గుర్తింపును దాచేందుకు రూపొందిన టార్ బ్రౌజర్ ఉచితం, ఆండ్రాయిడ్ ఫోనులోనూ నడుస్తుంది. అందులోని మూడు భద్రతా స్థాయిల్లో అత్యున్నతమైనదాన్ని ఎంచుకుంటే అన్ని సైట్లలోనూ జావాస్క్రిప్టు పూర్తిగా ఆగిపోతుంది కాబట్టి, దానిపై ఆధారపడిన భూరికార్డుల పోర్టళ్లు సరిగా పనిచేయవు. సమాచారం మూడు రిలేల (మధ్యవర్తి సర్వర్ల) గుండా సాగడం వల్ల వేగం తగ్గుతుంది, కానీ చూసేవారి ఐపీ చిరునామా సైటుకు తెలియదు. ఫోనులోని మిగతా యాప్‌లకు మాత్రం ఇది రక్షణనివ్వదు.

ఫోనుపైనే దాడి జరుగుతుందన్న భయమున్న విలేకరికి నేను మొదటిదాన్నే సూచిస్తాను. తానెవరో సైటుకు తెలియకూడదనుకునే సమాచారదాతకు రెండవది తప్పనిసరి.