ఈసీఆర్ ఎండకి ఆర్మ్ స్లీవ్స్: కొనొచ్చు, కానీ...

చెన్నైలో మే నెల ఎండలో ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద ముట్టుకాడు దాకా సైకిల్ తొక్కేవాళ్లకి చేతులకి తొడుక్కునే ఈ బట్ట స్లీవ్స్ బాగా పనికొస్తాయి. వీటి యూపీఎఫ్ (బట్ట ఎండని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) 50. అంటే అతినీలలోహిత కిరణాల్లో యాభయ్యో వంతే చర్మం దాకా వస్తుంది, పైగా సన్‌స్క్రీన్‌లాగా చెమటకి కారిపోయే గోల లేదు, రెండు గంటలకోసారి బండి ఆపి మళ్లీ పూసుకునే పనీ లేదు. కాసిని నీళ్లు చల్లుకుంటే గాలికి హాయిగా ఉంటుంది.

చిరాకంతా పైనున్న రబ్బరు పట్టీతోనే. చెమట పట్టగానే కిందికి జారుతుంది, జెర్సీ చేతికీ స్లీవ్‌కీ మధ్య వేలెడు మేర చర్మం మాడి నల్లటి కడియం తొడిగినట్టు కనిపిస్తుంది (ఇంట్లోవాళ్ల వెటకారం సరేసరి!). సన్నటి చేతులైతే ఒక సైజు తగ్గించి తీసుకోండి. మెడ వెనక, చెవులకి, అరచేతుల వెనక మాత్రం క్రీమ్ తప్పదు. తెల్లవి వద్దు, రెండు ఉతుకులకే మాసిపోతాయి.