రోజువారీ వాడుకకు డిజిటల్ వాచీయా, ముళ్ళ వాచీయా?

జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పే నేను చాలా ఏళ్లుగా రెండు వాచీలను మార్చి మార్చి కట్టుకుంటున్నాను. ఒకటి కాసియో ఎఫ్-91డబ్ల్యు డిజిటల్ వాచీ. రెండోది తెల్లటి డయల్ మీద పన్నెండు అంకెలూ స్పష్టంగా ఉండి, వారమూ తేదీ చూపించే మామూలు క్వార్ట్జ్ ముళ్ళ వాచీ. పీరియడ్ల లెక్కన పని నడిచే నాలాంటి వారికి పగటి పూట ముళ్ళ వాచీయే మేలని, వాచీ గురించి ఏ ఆలోచనా పెట్టుకోకుండా ఏళ్ల తరబడి వాడుకోవాలనుకునే వారికి డిజిటల్ వాచీకి సాటి లేదని ఇన్నేళ్ల వాడకంలో నాకు స్థిరపడిన అభిప్రాయం.

ముందుగా, డిజిటల్ వాచీ ఎక్కువ కచ్చితంగా నడుస్తుందన్న నమ్మకాన్ని పక్కన పెట్టాలి. రెండింటి లోపలా ఉండేది సెకనుకు 32,768 సార్లు కంపించే క్వార్ట్జ్ స్ఫటికమే. ఆ సంఖ్యను వరుసగా పదిహేను సార్లు సగం చేస్తే సెకనుకు ఒక్క స్పందన మిగులుతుంది. డిజిటల్ వాచీలో ఆ స్పందన తెర మీది అంకెను మారుస్తుంది, ముళ్ళ వాచీలో అదే స్పందన చిన్న మోటారును ఒక అడుగు ముందుకు తిప్పుతుంది. 1969 డిసెంబరు 25న సీకో సంస్థ టోక్యోలో అమ్మకానికి పెట్టిన తొలి క్వార్ట్జ్ చేతి గడియారం ఆస్ట్రాన్ ముళ్ళ వాచీయేనన్న సంగతి చాలామందికి తెలియదు. 1989లో వచ్చిన ఎఫ్-91డబ్ల్యుకు తయారీదారు ఇచ్చే హామీ నెలకు 30 సెకన్ల తేడా లోపు, మామూలు క్వార్ట్జ్ ముళ్ళ వాచీలకు సాధారణంగా ఇచ్చే హామీ అంతకన్నా కాస్త మెరుగే. కాబట్టి ఎంపిక కచ్చితత్వాన్ని బట్టి కాదు, మనం వాచీ వైపు ఎందుకు చూస్తామన్న దాన్ని బట్టి జరగాలి.

ఇంటర్మీడియట్ వార్షిక పరీక్షలు ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు వరకు జరుగుతాయి. గదిలో ఇన్విజిలేషన్ చేస్తున్నప్పుడు నాలుగైదు బెంచీల అవతల నుంచి ఒకరు చెయ్యెత్తి, "సార్, ఇంకా ఎంత టైముంది?" అని అడుగుతారు. డిజిటల్ తెర మీద 10:47 అని ఉంటే పన్నెండులోంచి దాన్ని తీసివేసి చెప్పాలి. పెద్ద లెక్కేమీ కాదు గానీ, జవాబు పత్రాలు పంచుతూ, హాల్ టికెట్లు సరిచూస్తూ రోజంతా అదే తీసివేత చేస్తుంటే విసుగొస్తుంది. ముళ్ళ వాచీలో ఆ లెక్క డయల్ మీదే ఉంటుంది. గంటల ముల్లు పన్నెండుకు ఎంత దూరంలో ఉందో, నిమిషాల ముల్లు ఎంత మేర తిరగాలో కంటికి కనిపిస్తుంది. పాఠం చెబుతున్నప్పుడూ అంతే: ఒక సూత్రం ఉత్పాదన (డెరివేషన్) ఇప్పుడు మొదలుపెడితే గంట కొట్టేలోగా పూర్తవుతుందా అన్నది అంకెలు చదవకుండానే తెలిసిపోతుంది. ద్విచక్ర వాహనం మీద వెళ్తున్నప్పుడు కూడా ముళ్ళ వాచీయే నయం, ఎందుకంటే హ్యాండిల్ మీద ఉన్న మణికట్టు ఏటవాలుగా కనిపించే కోణంలో ఎల్‌సీడీ అంకెలు పలుచబడతాయి, చీకటి పడితే దీపం మీట నొక్కడానికి రెండో చెయ్యి కావాలి.

ప్రయోగశాలలో మాత్రం పరిస్థితి తారుమారవుతుంది. గురుత్వ త్వరణం కనుక్కునే ప్రయోగంలో ఒక మీటరు పొడవున్న లఘులోలకం (దారానికి వేలాడదీసిన గుండు) ఒక డోలనానికి, అంటే అటూ ఇటూ ఒకసారి ఊగి రావడానికి, దాదాపు 2 సెకన్లు తీసుకుంటుంది కాబట్టి ఇరవై డోలనాలకు 40 సెకన్లు పడతాయి. డిజిటల్ వాచీలోని స్టాప్‌వాచ్ సెకనులో నూరో వంతు చూపిస్తుంది గానీ, మన బొటనవేలు స్పందించడానికే సెకనులో ఐదో వంతు వరకు పడుతుంది. ఆ చివరి అంకెను నమ్మకూడదని పిల్లలకు ప్రతి సంవత్సరం చెబుతూనే ఉంటాను. అయినా 40 సెకన్లలో 0.2 సెకన్ల దోషం అర శాతమే. సెకన్ల ముల్లుతో కొలిస్తే ఒక సెకను అటూ ఇటూ కావచ్చు, అది రెండున్నర శాతం. గురుత్వ త్వరణం సూత్రంలో ఆవర్తన కాలానికి (ఒక డోలనానికి పట్టే సమయానికి) వర్గం ఉండటం వల్ల ఈ దోషాలు రెట్టింపై, మొదటి పద్ధతిలో ఒక శాతం, రెండో పద్ధతిలో ఐదు శాతం అవుతాయి. అందుకే ప్రాక్టికల్స్ ఉన్న రోజున నా చేతికి డిజిటల్ వాచీయే ఉంటుంది.

ఇక సంరక్షణ విషయానికి వస్తే, ముళ్ళ వాచీ తనకు కావలసినవి అడుగుతూనే ఉంటుంది. డిజిటల్ వాచీ సెల్లు దాదాపు ఏడేళ్లు వస్తుందని తయారీదారు చెబుతారు. ముళ్ళ వాచీకి రెండు మూడేళ్లకోసారి సెల్లు మార్చాలి, అంటే అన్నిసార్లు వెనుక మూత తెరవాలి. ఒకసారి సెల్లు వేసిన మెకానిక్ మూత కింది రబ్బరు రింగును సరిగా కూర్చోబెట్టలేదు. తొలకరి వానకే అద్దం లోపల ఆవిరి పట్టి, ఆరు అంకె దగ్గర డయల్ మీద చిన్న మరక శాశ్వతంగా మిగిలింది. అప్పటి నుంచి మూత బిగించే ముందు రింగు చూపించమని అడిగి తీసుకుంటున్నాను. నా వాచీలో సెకన్ల ముల్లు రెండేసి సెకన్లకు ఒకసారి గెంతడం మొదలుపెడితే సెల్లు అయిపోవచ్చిందని అర్థం. చాలా క్వార్ట్జ్ వాచీలలో ఈ ఏర్పాటు ఉంటుంది. అయిపోయిన సెల్లును లోపలే వదిలేస్తే అది కారి యంత్రాన్ని పాడుచేస్తుంది.

తేదీ సంగతి కూడా చెప్పాలి. ముళ్ళ వాచీకి అన్ని నెలలూ ముప్పై ఒక్క రోజులే కాబట్టి ఏడాదికి ఐదుసార్లు సరిచేయాలి. రాత్రి తొమ్మిది తర్వాత, తెల్లవారుజామున మూడు గంటల లోపు తేదీ చక్రం పళ్ళు పట్టులో ఉంటాయి కాబట్టి ఆ వేళలో తేదీని తిప్పకూడదు. ఎఫ్-91డబ్ల్యుకు ఫిబ్రవరిలో ఎప్పుడూ 28 రోజులే తెలుసు కాబట్టి లీపు సంవత్సరంలో ఒక్కసారి సరిచేస్తే చాలు.

పట్టీల విషయంలో, మన చెమటకు తోలు పట్టీ పనికిరాదని నా అనుభవం. రెజిన్ పట్టీ కడిగితే శుభ్రపడుతుంది గానీ కొన్నేళ్లకు బకిల్ రంధ్రాల దగ్గర చీలుతుంది. స్టీలు చైను అన్నిటికన్నా ఎక్కువ కాలం మన్నింది.

కీ ఇచ్చే వాచీల గురించి మిత్రులు అడుగుతుంటారు. హెచ్‌ఎంటీ సంస్థ 1961లో సిటిజన్ సహకారంతో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టింది. ఆ సంస్థ చేసిన, పదిహేడు రాళ్ల (ఇరుసులు అరగకుండా లోపల అమర్చే కెంపుల) జనతా వాచీని చేతికి కట్టుకోవడం నాకెంతో ఇష్టం. అయితే ప్రతి ఉదయం కీ ఇవ్వాలి, కొన్నేళ్లకోసారి విప్పి నూనె వేయించాలి. హెచ్‌ఎంటీ వాచెస్ మూసివేతకు కేంద్రం 2016లో ఆమోదం తెలిపింది కాబట్టి అసలైన విడిభాగాలు దొరకడం నానాటికీ కష్టమవుతోంది. రోజువారీ వాడుకకు దాన్ని సిఫారసు చేయలేను.

ముళ్ళ వాచీ కొనదలచిన వారు దుకాణంలోనే చెయ్యి చాచి, ఆ దూరం నుంచి సమయం చదవగలుగుతున్నారో లేదో చూసుకోవాలి. నల్ల డయల్ మీద మెరుగు పెట్టిన ముళ్ళు దీపాల వెలుగులో అందంగా ఉంటాయి, తరగతి గదిలో కనిపించవు. నిమిషాల ముల్లు కొన అంచున ఉన్న గీతలను అందుకోవాలి. సమయం పెట్టేటప్పుడు సెకన్ల ముల్లును పన్నెండు దగ్గర ఆపి, నిమిషాల ముల్లును కావలసిన గీత దాటించి వెనక్కి తెచ్చి గీత మీద నిలిపితే పళ్ళ మధ్య వదులు పోయి ముల్లు నిమిషానికి సరిగ్గా గీత మీదికి వస్తుంది. దుకాణదారు ఎదుటే ఇలా పెట్టించి, ఐదు నిమిషాలు అక్కడే ఉండి, సెకన్ల ముల్లు పన్నెండుకు వచ్చిన ప్రతిసారీ నిమిషాల ముల్లు గీత మీదే ఉందో లేదో గమనించి తీసుకోండి.