గోడ వెంట వేసిన పొగగొట్టం: పొగ లాగుడు బాగుంది, తగువంతా అతుకులతోనే

శ్రీకాకుళం తీరాన ఉద్దానం వైపు డాబా ఇల్లు, పెరటి గోడకి ఆనుకుని వంటగది, కట్టెల పొయ్యికి అయిదంగుళాల స్టెయిన్‌లెస్ గొట్టం. స్లాబుకి కన్నం పెట్టకుండా గోడలోంచి బయటికి తీసి, బయట గోడ వెంటే పైకి పంపించారు. గ్యాసున్నా నీళ్ళ కాగు, ఎడ్లకి ఉలవలు, పండగ పిండివంటలు కట్టెల మీదే కాబట్టి గొట్టానికి రోజూ పనే. కళ్ళు మండవు, వంటగది నల్లబడదు లాంటివి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. నా కోపమంతా అతుకుల మీద.

ప్రతి గొట్టం ముక్కకీ ఒక కొస కాస్త సన్నగా, ముడతలు నొక్కి ఉంటుంది. ఆ సన్న కొస పైకుండాలా, కిందకుండాలా? మా వైపు రేకుపని చేసేవాళ్ళలో చాలామంది పైకే అంటారు. అప్పుడు పై ముక్క కింది ముక్క మీద టోపీలా కూర్చుంటుంది, వాన లోపలికి దిగదు. వినడానికి సబబుగానే ఉంది, మేస్త్రీ కూడా అలాగే బిగించాడు. వేసవంతా ఏ లోపమూ కనబడలేదు. ముసురు పట్టాక ఒక్కో అతుకు కింద గోడ మీద కాఫీరంగు చార మొదలైంది. ముట్టుకుంటే వేలికి అంటుకుంటుంది, వాసన ఘాటు. సబ్బుకి పోదు, సున్నానికి లొంగదు. పైన ఎమల్షన్ రెండు పూతలు వేసినా వారం తిరక్కుండా పసుపుపచ్చగా ఊరి బయటికొస్తుంది.

చూసినవాళ్ళందరూ వాన దిగుతోందనే అన్నారు. నిజానికి అది లోపలి సరుకు. బాగా ఎండిన కిలో కట్టె కాలినా అర లీటరుకి పైగా నీరు ఆవిరై పొగతో పోతుంది, పచ్చి కట్టెలో తేమ దానికి అదనం. గొట్టం లోపలి గోడ సుమారు 120 డిగ్రీల కన్నా చల్లబడితే ఆ ఆవిరి, పొగలోని తారు అక్కడే పట్టి కిందికి జారతాయి. ఇంటి లోపలి గొట్టం వెచ్చగా ఉంటుంది కనక ఈ బెడద తక్కువ. బయటి గొట్టాన్ని వాన, గాలి పొద్దస్తమానం చల్లబరుస్తూనే ఉంటాయి. సన్న కొస పైకుంటే జారే తారు నేరుగా అతుకు సందులోకి దిగి బయటికి కారుతుంది. అదే కొస కిందకుంటే పై ముక్క కింది ముక్క లోపల కూర్చుంటుంది, తారు లోపల్లోపలే అడుగుదాకా పోతుంది.

అతుకులకి మందు పూయడం దండగ. మామూలు సిలికాన్ వేడికి పెళుసెక్కి ఊడిపోతుంది. ఎమ్‌సీల్ అయితే బీటలిస్తుంది, ఎందుకంటే గొట్టం కదలకుండా ఉండదు. పదిహేనడుగుల స్టెయిన్‌లెస్ గొట్టం 150 డిగ్రీలు వేడెక్కితే సెంటీమీటరుకి పైగా సాగుతుంది. క్లాంపుల్ని గోడకి గట్టిగా బిగించాలిగానీ గొట్టాన్ని పిసికేలా బిగించకూడదు, లోపల జారే వీలుండాలి. లేకపోతే కొన్నాళ్ళకి ఫాస్టెనర్లు ఇటుకలోంచి వదులై వచ్చేస్తాయి. మా దగ్గర పై నుంచి రెండో క్లాంపు అలాగే వచ్చింది.

చివరికి బయటి వరసంతా విప్పి తిరగేయించడమే మందైంది. ముక్కలు తిప్పడం తేలికే, చిక్కు టీ (T ఆకారపు అతుకు ముక్క) దగ్గర వచ్చింది. గోడలోంచి వచ్చిన అడ్డగొట్టం నిలువు గొట్టాన్ని కలిసేచోట ఎల్బో కాకుండా టీ పెట్టించారు, అది మంచి పనే. కాకపోతే ఆ టీ పై మూతి కూడా సన్న కొసే. సన్న కొసకి సన్న కొస ఎక్కదు కాబట్టి, ఆ ముడతల మేర కోయించి అక్కడ మామూలు మూతి వెల్డింగ్ చేయించాల్సి వచ్చింది. కొత్తగా చేయించుకునేవాళ్ళు వెల్డింగ్ షాపులో ముందే చెప్పాలి: టీ పై మూతి వెడల్పుగా ఉండాలి, పై ముక్క అందులోకి రెండంగుళాలు దిగాలి, ప్రతి అతుక్కీ చుట్టూ సమదూరంలో మూడు స్టెయిన్‌లెస్ స్క్రూలు. వాన భయం ఉంటే అతుకు పైన గొడుగులాంటి రేకు పట్టీ ఒకటి చుట్టించుకుంటే చాలు. అడ్డగొట్టానికి పొడుగునా ఉండే కుట్టు పైవైపుకి తిరగాలి, కిందికుంటే అక్కడా కారుతుంది.

టీ అడుగున అడుగు పొడవు కాలు, దానికి మూత. మసి, తారునీళ్ళు, లోపలికి దిగిన వాన అన్నీ అక్కడే చేరతాయి. మూత తిప్పి కింద పాత డబ్బా పెడితే పని అయిపోతుంది, డాబా ఎక్కక్కర్లేదు. గొట్టం మొత్తంలో నాకు నచ్చిన భాగం ఇదే. అయితే మూత బిగుతుగా కూర్చోవాలి. నీళ్ళు పోవాలని దానికి కన్నం పెడితే చల్లగాలి అందులోంచి ఎక్కి లాగుడు చచ్చిపోతుంది.

గోడ కన్నం సంగతి. తొమ్మిదంగుళాల ఇటుక గోడలో ఎనిమిదంగుళాల గొట్టపు ముక్క ఒకటి తొడుగులా పెట్టి, అందులోంచి అయిదంగుళాల గొట్టం తీసి, చుట్టూ ఉన్న ఒకటిన్నర అంగుళం సందులో సిరామిక్ ఉన్ని కూరాలి. సిమెంటుతో పూడిస్తే గొట్టం సాగినప్పుడల్లా ప్లాస్టరు పగులుతుంది. అడ్డగొట్టం బయటివైపు ఎత్తుగా ఉండాలి, అడుగుకి పావు అంగుళం చొప్పున. దాని పొడవు ఎంత తగ్గిస్తే అంత మేలు. పొయ్యి మీది మొదటి ముక్క మాత్రం జీఐ (జింకు పూత వేసిన ఇనుప రేకు) వద్దు, జింకు 419 డిగ్రీలకే కరుగుతుంది, దాని పొగ మంచిది కాదు. మందపాటి నల్ల ఇనుప రేకు చాలు. ఏసీ (ఆస్బెస్టాస్ సిమెంటు) గొట్టం చవకని వెళ్ళకండి, వేడికి పగులుతుంది, కోస్తే వచ్చే దుమ్ములో ఆస్బెస్టాస్.

లాగుడు బాగుందని మొదట్లో అందరికీ చెప్పాను. ఇప్పటికీ బాగానే ఉంది, పొయ్యి ఒకసారి వేడెక్కాక. ముసురు రోజు పొద్దున్నే రాజేస్తే మాత్రం గొట్టంలో చల్లగాలి బరువుగా దిగి ఉంటుంది, మొదటి పొగ వంటగదిలోకే వస్తుంది. పొయ్యిలో అడ్డగొట్టం మూతి దగ్గర ఎండుకమ్మ ఒకటి వెలిగించి గుప్పున మండనిచ్చాక కట్టెలు పెడితే సరిపోతుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి గట్టిగా వీచినప్పుడు ఒక్కోసారి పొగ వెనక్కి తంతుంది కూడా. దానికి కారణం ఎత్తు. గొట్టం కొస పదడుగుల దూరం లోపలున్న పిట్టగోడకన్నా, మెట్లగదికన్నా రెండడుగులు పైకుండాలి. పిట్టగోడని అందరూ లెక్కేస్తారు, మెట్లగదిని మర్చిపోతారు. డాబాని మించిన కొబ్బరిచెట్లు దగ్గర్లో ఉంటే ఇంత చేసినా పూర్తిగా తగ్గదు.

స్లాబు గోడ దాటి అడుగున్నర ముందుకొచ్చే ఇళ్ళలో దాన్ని తప్పించడానికి రెండు 45 డిగ్రీల మలుపులు వాడాలి. 90 డిగ్రీల మలుపులు పెడితే ప్రతి మలుపులోనూ మసి కూర్చుంటుంది. కొసన మూత రేకుకీ గొట్టానికీ మధ్య సందు అయిదంగుళాల గొట్టానికి అంగుళంపావు కన్నా తగ్గితే పొగ దారి ఇరుకవుతుంది, రెండున్నర పెడితే నిశ్చింత. నిప్పురవ్వలకని సన్న జాలీ బిగిస్తే అదే ముందు మూసుకుపోతుంది, అరంగుళం కన్నాలది చాలు.

ఇంధనం మాటకొస్తే, ఎండిన సరుగుడు వేసినన్నాళ్ళు గొట్టం దాదాపు శుభ్రంగానే ఉంది. తడి కొబ్బరి డొక్కలతో తారు రెట్టింపు. జీడిపిక్కల తొక్క ఇక్కడ చవగ్గా దొరుకుతుంది, మంటా బాగా వస్తుంది, కానీ అందులోని జీడినూనె పొగ గొట్టం నిండా నల్లటి బంక పూస్తుంది, దానికి ఏదో ఒకనాడు నిప్పంటుకుంటుంది. దాన్ని ఇలాంటి గొట్టానికి వాడకపోవడమే క్షేమం.

ఉప్పుగాలికి 304 రకం స్టెయిన్‌లెస్ మీద కూడా వెల్డింగు దగ్గర టీరంగు మచ్చలు వచ్చాయి, ఇంకా చిల్లు మాత్రం పడలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఇదే తీరాన పలాస దగ్గర దాటింది, కాబట్టి పిట్టగోడ పైన ఉండే ముక్క మూడు వైపులా జీఐ తీగలతో లాగి కట్టి ఉంది. హెచ్చరిక వస్తే ఆ ముక్క స్క్రూలు విప్పి దింపేస్తారు. పైకి లాగితే ఊడివస్తుంది.

తిరగేశాక కొత్త చారలు రాలేదు. పాతవి పోలేదు, ఆ మేర ప్లాస్టరు చెక్కించాల్సిందే. స్లాబు కురవకపోవడమే నాకు ముఖ్యం కాబట్టి ఈ పద్ధతితో సర్దుకున్నాను. రేకు షెడ్డు వంటిల్లయితే కప్పులోంచి నిలువుగా తీయడమే నయం, లాగుడు ఇంతకన్నా బాగుంటుంది. తాటాకు కప్పో, పక్కనే గడ్డికుప్పో ఉన్నచోట ఒంటిపొర గొట్టం గోడ వెంట వద్దు. మండే వస్తువుకి పద్దెనిమిది అంగుళాల ఎడం ఉండాలి, మన పెరళ్ళలో అది కుదరడం కష్టం.