మా టేకు తలుపుకి లిన్‌సీడ్ ఆయిల్: ఏడాది వాడాక

కాకినాడలో మా తాతగారి ఇంటి వీధి తలుపు టేకుది. పడమటి ఎండకీ వానకీ బూడిద రంగుకి తిరిగింది, పాత వార్నిష్ పొట్టులా ఊడిపోతోంది. వడ్రంగి మళ్లీ వార్నిషే వేద్దామన్నాడు. నేను ఒప్పుకోక డబుల్ బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ (త్వరగా ఆరేలా తయారుచేసిన అవిసె నూనె) ఒక లీటరు డబ్బా తెచ్చాను.

80, 120, 220 నంబర్ల ఉప్పు కాగితంతో చెక్క చారల వెంటే రుద్దాం. అడ్డంగా రుద్దితే నూనె పడ్డాక గీతలన్నీ బయటపడతాయి. మొదటి పూతలో నూనె పల్చబడేలా సగానికి సగం టర్పెంటైన్ కలిపాను. తలుపు అడుగు అంచు గటగటా తాగేసింది. నీళ్లెక్కేదీ అక్కణ్నుంచే మరి. పావుగంట ఆగి, మిగిలిన నూనె తుడిచేయాలి. మా తమ్ముడు తుడవని మూల వారం దాకా జిగటే.

రంగు మాత్రం ముదురు తేనెలా వచ్చింది. కానీ ఇది ఎండని ఆపదు. ఏడాదికే పై చెక్క వెలిసింది, తేమకి నల్లటి బూజు చుక్కలూ వచ్చాయి, ఇంకో పూత వేశాను. నీడపట్టు తలుపుకైతే కళ్లు మూసుకుని కొనండి.

అన్నట్టు, నూనె గుడ్డలు ఉండచుట్టి పడేయకండి, వాటంతటవే నిప్పంటుకోవచ్చు. నేను విడివిడిగా తీగ మీద ఆరేశాను.