గేరు పడట్లేదా? తప్పు క్లచ్‌దా, గేర్‌బాక్స్‌దా?

పాత స్పోర్ట్స్ కారులో గేరు మొరాయిస్తే చాలామంది నేరుగా గేర్‌బాక్స్ మీదే నేరం మోపేస్తారు. తొందరొద్దు. ముందు ఇంజిన్ ఆపి గేర్లన్నీ వేసి చూడండి. అప్పుడు వెన్నలా పడి, స్టార్ట్ చేయగానే మొండికేస్తే ముందు అనుమానించాల్సింది క్లచ్‌నే.

క్లచ్ అయితే: ఇబ్బంది అన్ని గేర్లకూ ఉంటుంది, రివర్స్‌లో మరీను. పెడల్‌ని రెండు మూడుసార్లు గబగబా తొక్కితే గేరు పడిందా? హైడ్రాలిక్ లైన్లో (పెడల్ ఒత్తిడిని క్లచ్‌కి చేర్చే ఫ్లూయిడ్ గొట్టం) గాలి చేరి ఉంటుంది, లేదా క్లచ్ సిలిండర్ కారుతూ ఉంటుంది.

గేర్‌బాక్స్ అయితే: ఏదో ఒకటి రెండు గేర్లే ఏడిపిస్తాయి, ఎక్కువగా రెండోది. మూడు నుంచి రెండుకి దించితే కర్రుమంటుంది. అదే డబుల్ క్లచ్ కొట్టి (న్యూట్రల్‌లో పెడల్ వదిలి, కాస్త యాక్సిలరేటర్ ఇచ్చి, మళ్లీ తొక్కి) దించితే కిక్కురుమనదు. అంటే గేరు పడేముందు వేగాలు కలిపే సింక్రో రింగు అరిగిందన్నమాట. (చల్లగా ఉన్నప్పుడు కాస్త బిగుసుకుని, ఆయిల్ వేడెక్కాక సర్దుకుంటే కంగారు పడక్కర్లేదు.)

ఖర్చు: ఫ్లూయిడ్ మార్చి గాలి తీయడం చిన్న పని. సింక్రోకైతే బాక్స్ దించి, పూర్తిగా విప్పాలి. పార్టు కన్నా కూలీ బరువు. క్లచ్ ప్లేటుకీ చాలా కార్లలో బాక్స్ దించక తప్పదు, కాబట్టి దించినప్పుడే రిలీజ్ బేరింగూ (పెడల్ తొక్కితే క్లచ్‌ని విడదీసేది) మార్చేయండి.

రిస్కు: క్లచ్ పూర్తిగా విడవకుండానే బలవంతంగా గేర్లు వేస్తూ తిరిగితే బాగున్న సింక్రోలూ పోతాయి. జీఎల్-4 రకం గేర్ ఆయిల్ అడిగే బాక్స్‌లో జీఎల్-5 రకం పోసినా సింక్రోలకు పట్టు దొరక్కపోవచ్చు.

కారు ఇంకా కొనకపోతే, క్లచ్ జబ్బు బేరానికి పనికొస్తుంది. గేరు దానంతటదే జారి న్యూట్రల్‌లోకి వస్తుంటే మాత్రం నేనైతే తాళాలు తిరిగిచ్చేస్తాను.