ఐ5లో ఉండే చిన్న చిప్పా, ఆర్టీఎక్స్ కార్డా: పెళ్లి వీడియోల ఎడిటింగ్‌కి ఏది మేలు?

మాఘమాసం ముహూర్తాలు దగ్గరపడుతుంటే రాజోలులో స్టూడియో నడిపే మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, ఎడిటింగ్ కంప్యూటర్‌కి ఇంటెల్ ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్, ఎన్విడియా ఆర్టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు ఖాయం చేశాను. రేపు డబ్బు కట్టేస్తున్నా" అన్నాడు. కెమెరా ఏంటని అడిగితే సోనీ ఏ7 ఫోర్, 4కే, 10-బిట్ 4:2:2 (రంగుల వివరాలు ఎక్కువగా దాచే రికార్డింగ్) అన్నాడు. అయితే ఒక్కరోజు ఆగమన్నాను. కార్డు గురించి కాదు, ఆ ప్రాసెసర్ పేరు చివర ఉన్న 'ఎఫ్' గురించే నా టెన్షన్.

వీడియోను విప్పి చూపించడానికి (డీకోడ్), మళ్లీ కుదించి రాయడానికి (ఎన్‌కోడ్) గ్రాఫిక్స్ చిప్‌లో ఒక మూల ప్రత్యేకంగా సర్క్యూట్ ఉంటుంది. గేములు ఆడించే భాగం వేరు, ఇది వేరు. వడ్లు ఆడే మరలో మినుములు పోస్తే పప్పు రాదు కదా, ఇదీ అంతే. ఏ ఫార్మాట్ కోసం కట్టారో దాన్నే ఆడుతుంది. తర్వాత ఎన్ని డ్రైవర్లు అప్‌డేట్ చేసినా కొత్త ఫార్మాట్ రాదు. అప్పుడు ఆ బరువంతా ప్రాసెసర్ మీద పడుతుంది, టైమ్‌లైన్ జీలకర్ర బెల్లం దగ్గర ఆగిపోతుంది.

మనవాడి కెమెరా రాసే హెచ్‌ఈవీసీ (హెచ్.265 అని కూడా అంటారు, వీడియోను కుదించే ఒక ఫార్మాట్) 4:2:2 10-బిట్ ఫుటేజ్‌ను ఆర్టీఎక్స్ 4060 విప్పలేదు. 4090 అయినా విప్పలేదు. ఎన్విడియాలో ఆ సౌకర్యం 2025లో వచ్చిన 50 సిరీస్‌తోనే మొదలైంది. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కలిసొచ్చే చిన్న గ్రాఫిక్స్ మాత్రం 11వ తరం నుంచే ఈ పని చేస్తోంది. చాలామంది "ఆన్‌బోర్డ్‌దే కదా" అని తీసిపారేసేది దాన్నే. 'ఎఫ్' ఉన్న ప్రాసెసర్‌లో ఆ చిప్ పనిచేయదు. ధర కాస్త తక్కువని 'ఎఫ్' తీసుకుంటే మనకు కావలసిన ముక్కనే వదిలేసుకున్నట్టు.

అందుకే నా ఓటు ఎఫ్ లేని 12400కే. ఇంకొంచెం పెట్టగలిగితే 12500 తీసుకోవచ్చు. 12400లో వీడియో ఇంజిన్ ఒకటే, 12500లో రెండు. మండపంలో మూడు కెమెరాలు పెట్టి మల్టీక్యామ్ కట్ చేసేవాళ్లకు ఆ తేడా తెలుస్తుంది. విడిగా కార్డు పెట్టాక ఈ చిప్‌ను బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లో) ఆన్ చేసి ఉంచాలి. ఎడిటింగ్‌కి ప్రీమియర్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లయితే మీడియా సెట్టింగుల్లో డీకోడింగ్‌కి ఇంటెల్‌ను టిక్ చేయాలి. చాలామంది ఇక్కడే మర్చిపోయి చిప్‌ను తిడతారు.

ఇంకో మెలిక ఉంది. అదే సోనీ కెమెరా మెనూలో రికార్డింగ్ ఫార్మాట్ ఎక్స్‌ఏవీసీ ఎస్ పెట్టి తీస్తే వచ్చేది హెచ్‌ఈవీసీ కాదు, దానికన్నా పాతదైన హెచ్.264 4:2:2 10-బిట్. దాన్ని ఈ 12వ తరం ఇంటెల్ చిప్ కూడా విప్పదు. ఎక్స్‌ఏవీసీ హెచ్‌ఎస్ పెట్టుకుంటేనే హెచ్‌ఈవీసీ వస్తుంది. 50 సిరీస్ కార్డుకైతే రెండూ ఒకటే, అది రెండింటినీ విప్పుతుంది. డబ్బుకు ఇబ్బంది లేనివాళ్లు నేరుగా ఆర్టీఎక్స్ 5060కి వెళ్లిపోవచ్చు.

ఏఎండీ ప్రాసెసర్ ఇప్పటికే ఉన్నవాళ్లు ఇంటెల్ ఆర్క్ ఏ380 పెట్టుకోవచ్చు. చిన్న కార్డే, అయినా హెచ్‌ఈవీసీ 4:2:2 విప్పుతుంది, ఏవీ1 అనే కొత్త ఫార్మాట్ (దాని సంగతి కింద చెప్తాను) రాస్తుంది కూడా. మదర్‌బోర్డులో రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి అందుకునే సౌకర్యం) ఉండాలి, లేకపోతే గేముల్లో వేగం బాగా పడిపోతుంది. ఏఎండీ ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ చవకగా దొరికినా ఈ పనికి వద్దు. 2022లో వచ్చిన కార్డే గానీ వీడియో ఎన్‌కోడర్ అసలు లేదు, ఏవీ1 విప్పడమూ రాదు.

ఇక ఏవీ1. ఇది 2018లో వచ్చింది. లైవ్ ఇచ్చేవాళ్లకు దీని విలువ బాగా తెలుస్తుంది. కనుమ రోజు జగ్గన్నతోటలో ప్రభలు కౌశిక దాటుతుంటే లైవ్ పెట్టి చూడండి. కదిలే నీళ్లు, వరిచేలు, గాలికి ఊగే కొబ్బరాకులు, ప్రభల రంగురంగుల బట్టలు, వేలమంది జనం. కోడెక్‌కు (వీడియోను కుదించి, విప్పే పద్ధతికి) ఇంతకన్నా కష్టమైన ఫ్రేమ్ ఉండదు. పైగా అంతమంది ఫోన్లు ఒకే టవర్ మీద ఉంటే అప్‌లోడ్ నాలుగైదు ఎంబీపీఎస్ దాటదు. ఆ కొంచెంలో హెచ్.264 గళ్లుగళ్లుగా పగిలిపోతుంది, ఏవీ1 చాలావరకు నిలబెడుతుంది. లైవ్ పంపే సాఫ్ట్‌వేర్ ఓబీఎస్‌లో 2023లో వచ్చిన 29.1 వెర్షన్ నుంచి యూట్యూబ్ లైవ్‌కి ఏవీ1 పంపొచ్చు. ఏవీ1 రాయగలిగే కార్డులు ఆర్టీఎక్స్ 40 సిరీస్, ఆర్ఎక్స్ 7000 సిరీస్, ఆర్క్, ఆ తర్వాత వచ్చినవి. ఆర్టీఎక్స్ 30 సిరీస్ చూపిస్తుందే గానీ రాయలేదు. 12వ తరం ఇంటెల్ చిప్పూ అంతే. కాబట్టి లైవ్ పని ఎక్కువగా ఉంటే 4060 దండగ కాదు, పక్కన ఎఫ్ లేని ప్రాసెసర్ ఉంటే చాలు.

హెచ్‌ఈవీసీ తర్వాతి తరం ఫార్మాట్ వీవీసీ గురించి ఇప్పుడు ఆలోచించక్కర్లేదు. 2020లోనే ఖరారైనా, ఇంటెల్ లూనార్ లేక్ ల్యాప్‌టాప్ చిప్‌లకు 2024లో గానీ దాన్ని విప్పే సర్క్యూట్ రాలేదు.

మా బావమరిది చివరికి 12500 తీసుకుని కార్డు వచ్చే సీజన్‌కి వాయిదా వేశాడు. పెళ్లివారికి ఇచ్చే పెన్‌డ్రైవ్ సంగతి అడిగాడు. మూడు గంటల 4కే పెళ్లి 20 ఎంబీపీఎస్ హెచ్‌ఈవీసీలో 27 జీబీ అవుతుంది, 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో పడుతుంది. 25 పెడితే 34 జీబీకి దగ్గర, పట్టదు. పెన్‌డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయాలి, ఫ్యాట్32 అయితే ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు. పాత టీవీలు ఎక్స్‌ఫ్యాట్‌నూ చదవవు, హెచ్‌ఈవీసీనీ ఆడించవు. వాళ్లకోసం ఫుల్ హెచ్‌డీ హెచ్.264లో ఇంకో కాపీ, ముక్కలుగా, ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో వేసి ఇవ్వమన్నాను. "రెండు పెన్‌డ్రైవ్‌లకి డబ్బులెవరిస్తారు బావా?" అన్నాడు.